పాత గొడ్డలికి కొత్త కామ: తుప్పు వదిలించే దగ్గర్నుంచి చీల దిగ్గొట్టేదాకా

అమెరికాలో ఉంటూ శని ఆదివారాలు గరాజ్‌లో ఏదో ఒకటి కెలకందే తోచని మనవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళకి ఈ హాబీ బాగా సెట్ అవుతుంది. పాత గొడ్డలి తల ఒకటి పట్టుకొచ్చి తుప్పు వదిలించి, నూరి, కొత్త కామ, అంటే పట్టుకునే కర్ర, వేసి మళ్ళీ పన్లోకి దించడం. పెద్ద మెషీన్లు అక్కర్లేదు, చోటు కూడా ఎక్కువ అక్కర్లేదు. ఒక వైస్ (వస్తువుని దవడలమధ్య బిగించి పట్టేది), మంచి ఆకురాయి (ఫైల్), రాస్ప్ (కర్రని అరగదీసే ముతక ఆకురాయి), రంపం, డ్రిల్లు, కొయ్య సుత్తి, వైర్ బ్రష్, గ్యాలన్ తెల్ల వెనిగర్, ఒక డబ్బా అవిసె నూనె ఉంటే చాలు.

కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటారు, కొనుక్కోవచ్చు. కానీ చైన్ సా వచ్చి స్థిరపడకముందు ఈ దేశంలో అడవులన్నీ గొడ్డళ్ళూ రంపాలతోనే నరికారు, దాంతో పదుల కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీపడి తయారుచేసేవి, కూలీ రోజంతా దానిమీదే బతకాలి కాబట్టి నాసిరకం సరుకైతే మళ్ళీ కొనేవాడు కాదు. ఆ సరుకే ఇప్పుడు ఫ్లీ మార్కెట్లలో, ఎస్టేట్ సేల్స్‌లో టేబుల్ కింద అట్టపెట్టెలో తుప్పుపట్టి పడుంటుంది. కర్ర విరిగిపోయి తల ఒక్కటే ఉంటే ఇంకా చవక, మనం ఎలాగూ కర్ర మారుస్తాం కాబట్టి మనకి అదే నయం.

ఒక మాట ముందే చెప్తున్నా, వీడియోల్లో అద్దంలా మెరిసిపోయే గొడ్డళ్ళు చూసి అదే రిస్టోరేషన్ అనుకోకండి. ఈ పనిలో అసలైనవి రెండే. ఒకటి, ఇనుముకి వేడి తగలకూడదు. రెండు, కామ బెజ్జంలో సందు లేకుండా కూర్చోవాలి. ఈ రెండూ సరిగ్గా చేసి గొడ్డలి నల్లగా మచ్చలమచ్చలుగా ఉన్నా అది మంచి గొడ్డలే, ఈ రెండూ చెడగొట్టి క్రోమ్‌లా పాలిష్ చేసినా అది గోడకి తగిలించుకోడానికి తప్ప దేనికీ పనికిరాదు.

కొనేముందు చూడాల్సినవి

తుప్పు చూసి భయపడొద్దు, పైపైన ఎర్రగా ఉన్న తుప్పు ఒక్క రాత్రిలో పోతుంది. చూడాల్సింది వేరే. మొదట వెనక మొద్దు భాగం, ఇక్కడ పోల్ అంటారు, అది పుట్టగొడుగులా అంచులు విచ్చుకుపోయి ఉందా చూడండి. చాలామంది గొడ్డల్ని సుత్తిలా వాడేస్తారు, లేకపోతే దుంగలో ఇరుక్కున్నప్పుడు వెనకనుంచి సమ్మెటతో బాదేస్తారు. అలా బాదిన తలకి కామ దూరే బెజ్జం వంకరపోతుంది, పక్క గోడలు లోపలికో బయటికో వంగుతాయి. అంచులు కొంచెం విచ్చుకుంటే ఆకురాయితో రుద్దేసుకోవచ్చు, కానీ బెజ్జం వంకరపోతే మాత్రం వదిలెయ్యండి, దానికి కామ సరిగ్గా ఎప్పటికీ కూర్చోదు.

తర్వాత బెజ్జం మూలల్లో సన్నటి పగులేమైనా ఉందేమో వెలుతురులో పెట్టి చూడండి. పగులుంటే ఫ్రీగా ఇచ్చినా వద్దు, వాడేటప్పుడు అది ఎప్పుడు తెగుతుందో చెప్పలేం.

మూడోది వాదర, అంటే నరికే అంచు. పక్కనుంచి చూస్తే పైమూల, కిందమూల రెండూ ఉండాలి, వంపు నిండుగా ఉండాలి. పాత గొడ్డళ్ళలో గట్టిపరిచిన ఉక్కు అంచు దగ్గర మాత్రమే ఉంటుంది, వెనక భాగం మెత్తనిదే. కాబట్టి ఏళ్ళ తరబడి నూరి నూరి అరిగిపోయిన తలలో ఆ గట్టి భాగం ఇంకా మిగిలుందో లేదో తెలుసుకోవాలి. జేబులో చిన్న ఆకురాయి పెట్టుకెళ్ళి, అమ్మేవాళ్ళని అడిగి, అంచు మూలలో ఒక్కసారి రుద్ది చూడండి. ఆకురాయి కొంచెం కరిచీ కరవనట్టు జారితే బావుంది. సబ్బు గీకినట్టు తేలిగ్గా దిగిపోతుంటే ఉక్కు మెత్తబడింది. అసలేమాత్రం కరవకుండా గాజుమీద జారినట్టు జారితే మరీ పెళుసు, అంచు పెచ్చులూడే ఛాన్సుంది.

ఇంకో గుర్తు, అంచు దగ్గర నీలంగానో ఊదాగానో రంగు కనిపిస్తే ఎవరో పుణ్యాత్ముడు గ్రైండర్ పెట్టి కాల్చేశాడన్నమాట. ఉక్కు వేడెక్కుతుంటే సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డి రంగు వస్తుంది, 300 దగ్గరికొచ్చేసరికి నీలం తిరుగుతుంది, నీలం తిరిగిందంటే అక్కడ పదును నిలవదు. కొంచెం మేరే అయితే ఆ భాగం అరగదీసి వాడుకోవచ్చు, ఎక్కువైతే వద్దు.

మొదటిసారి చేసేవాళ్ళు ఒకవైపే వాదర ఉన్నది తీసుకోండి, రెండువైపులా వాదరుండే డబుల్ బిట్ తర్వాత చూద్దాం. పెద్ద గొడ్డలి తలలు ఎక్కువగా మూడున్నర పౌండ్లు, అంటే కేజీన్నర పైన ఉంటాయి. నా మటుకు నాకు బోయ్స్ యాక్స్ అనేదే బెస్ట్, తల రెండుంపావు పౌండ్లు అంటే సుమారు ఒక కేజీ, కామ 28 అంగుళాలు. పేరు చూసి పిల్లలదనుకునేరు, ఇంటి పెరటి పనికి క్యాంపింగ్‌కి పెద్దవాళ్ళు వాడేది కూడా అదే.

ముద్రలు, పేర్లు

తల పక్కన స్టాంపు ఉంటే ఓపిగ్గా చదవండి. పెన్సిల్వేనియా చుట్టుపక్కల ఫిలడెల్ఫియా ప్లంబ్, లూయిస్‌టౌన్ మాన్ కంపెనీవి తగులుతుంటాయి. కనెక్టికట్‌లో కాలిన్స్ కంపెనీ 1826లో మొదలై 1966లో మూతపడింది, ఆ ఊరి పేరే కాలిన్స్‌విల్. వెస్ట్ వర్జీనియా చార్ల్స్‌టన్‌లో కెల్లీ ఫ్యాక్టరీ ఉండేది, దాన్ని 1930లో అమెరికన్ ఫోర్క్ అండ్ హో అనే కంపెనీ కొనేసింది, ట్రూ టెంపర్ ఆ కంపెనీ బ్రాండే, కాబట్టి కెల్లీ, ట్రూ టెంపర్ రెండు పేర్లూ ఒకే తలమీద ఉంటే అది 1930 తర్వాతదే. నార్త్ కరోలినాలో కౌన్సిల్ టూల్ 1886 నుంచి ఇప్పటికీ నడుస్తోంది.

ఇదంతా ఎందుకంటే, కొన్ని గొడ్డళ్ళమీద లోతైన స్టాంపు కాకుండా యాసిడ్‌తో చెక్కిన పల్చటి బొమ్మ ఉంటుంది, కెల్లీ బ్లాక్ రేవన్ అలాంటిదే, కలెక్టర్లు దానికోసం పడిచస్తారు. ఆ బొమ్మ తుప్పుకింద ఉందని తెలీక శాండర్ పెట్టి గీకేస్తే పోయింది అంతే, మళ్ళీ రాదు. అందుకే ఏ తలకైనా మొదట నూనె గుడ్డతో తుడిచి, టార్చి పక్కనుంచి వేసి చూసి, ఆ తర్వాతే ఏదైనా మొదలుపెట్టండి.

పాత కర్ర పీకడం

కర్రని తల కింద ఆనించి రంపంతో కోసెయ్యండి. తర్వాత తలని వైస్‌లో, దవడలమధ్య ఖాళీ ఉంచి, కోసిన వైపు పైకి వచ్చేలా పెట్టండి. బెజ్జం చాలా గొడ్డళ్ళకి పైవైపు వెడల్పు, కిందవైపు ఇరుకు, అందుకే కర్రని కిందనుంచి పైకే కొట్టి తియ్యాలి. చీల, అంటే కర్రని బిగించడానికి పైనుంచి దిగ్గొట్టే ముక్క, దిగిన వైపు నుంచి కొడితే ఇంకా బిగుసుకుంటుంది తప్ప రాదు. బలమైన ఇనప ముక్కో మొద్దు బోల్టో పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలేస్తే చాలావరకు వచ్చేస్తుంది. రాకపోతే డ్రిల్లుతో కర్రలో వరసగా బెజ్జాలు వేసి లోపల గుల్ల చేసి మళ్ళీ కొట్టండి. మధ్యలో ఇనప చీలలుంటాయి, డ్రిల్ బిట్ వాటికి తగిలితే విరుగుతుంది, పక్కనుంచి వెళ్ళండి.

ప్లంబ్ వాళ్ళ గొడ్డళ్ళు కొన్నిట్లో చీలకి బదులు పెర్మాబాండ్ అని ఎర్రటి జిగురులాంటిది పోసి ఉంటుంది, అది ఇంకాస్త సతాయిస్తుంది, డ్రిల్లు, పాత ఉలి, ఓపిక, ఈ మూడే మందు.

మంటలో వేస్తే కర్ర కాలిపోతుంది కదా అని సలహా ఇచ్చేవాళ్ళు ఎక్కడైనా తగులుతారు. వినొద్దు. కర్ర కాలేలోపు ఉక్కు కూడా కాలుతుంది, తర్వాత ఎంత నూరినా రెండు దెబ్బలకే మొద్దుబారిపోతుంది. పాత కర్ర ముక్క మాత్రం పారెయ్యకండి, కొత్తది చెక్కేటప్పుడు బెజ్జం కొలతకి అది పనికొస్తుంది.

తుప్పు వదిలించడం

ముందు మాస్కు, కళ్ళజోడు, గ్లోవ్స్. పాత తలలకి పెయింటు ఉంటే అందులో సీసం ఉండే అవకాశం ఉంది, ఇక్కడ ఇళ్ళల్లో వాడే సీసం పెయింటుని 1978లో గానీ నిషేధించలేదు. కాబట్టి పెయింటున్న తలని పొడిగా గీకి దుమ్ము లేపొద్దు, తడిపి గీకండి, పిల్లలు ఆడే చోట అసలొద్దు.

సులువైన పద్ధతి వెనిగరే. కొట్లో దొరికే 5 శాతం తెల్ల వెనిగర్ ప్లాస్టిక్ డబ్బాలో తల మునిగేలా పోసి ఒక రాత్రి ఉంచండి. జిడ్డుంటే ముందు డిష్ సోప్‌తో కడగాలి, లేకపోతే జిడ్డున్న చోట వెనిగర్ పనిచెయ్యదు. పొద్దున తీసి వైర్ బ్రష్‌తో నీళ్ళకింద రుద్దితే నల్లటి మడ్డిలాగా ఊడిపోతుంది. మిగిలితే ఇంకో పూట ఉంచొచ్చు గానీ వారాల తరబడి మర్చిపోవద్దు, తుప్పు అయిపోయాక యాసిడ్ మంచి ఇనుముని కూడా తింటుంది.

తీశాక బేకింగ్ సోడా కలిపిన నీళ్ళల్లో ముంచి కడిగి వెంటనే తుడిచి హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి నూనె రాసెయ్యాలి, ఈ 'వెంటనే' అన్నది సీరియస్‌గా తీసుకోండి, టీ తాగొద్దాం అని లోపలికెళ్ళి వచ్చేసరికి మొత్తం నారింజరంగు తిరిగిపోయుంటుంది.

వెనిగర్‌లోంచి తీసినప్పుడు ఒక ముచ్చట చూడొచ్చు. కొన్ని తలలకి అంచు దగ్గర ఒక మేర ముదురు రంగులో, దాని వెనక లేత బూడిదరంగులో రెండు భాగాలుగా గీత కనిపిస్తుంది. ముదురుగా ఉన్నది గట్టిపరిచిన ఉక్కు, వెనకది మెత్తనిది. ఆ గీతకీ అంచుకీ మధ్య ఎంత దూరముందో అంతే మీ గొడ్డలి ఆయుష్షు. కొనేటప్పుడు ఆకురాయితో ఊహించింది ఇప్పుడు కళ్ళారా చూస్తున్నట్టు. ఒక ఫోటో తీసి పెట్టుకోండి, నూరాక ఆ గీత పోతుంది.

తుప్పు మరీ మందంగా ఉంటే ఎలక్ట్రాలిసిస్ ఉంది. ప్లాస్టిక్ బకెట్లో నీళ్ళు, గ్యాలనుకి ఒక చెంచాడు వాషింగ్ సోడా, కారు బ్యాటరీ చార్జర్. నెగటివ్ క్లిప్పు గొడ్డలికి, పాజిటివ్ క్లిప్పు పనికిరాని ఇనప ముక్కకి, తిరగేస్తే గొడ్డలే కరుగుతుంది. ఇనప ముక్క బదులు స్టెయిన్‌లెస్ స్టీలు గరిటెలూ గట్రా పెట్టొద్దు, దాన్నుంచి విషపు క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి బయట చెయ్యండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. నిజం చెప్పాలంటే పదింటిలో తొమ్మిదింటికి ఇదేమీ అక్కర్లేదు, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు.

తుప్పు పోయాక మిగిలే ఆ నల్లటి మచ్చలు, గుంటలు వదిలెయ్యండి. గుంటలు పోవాలని గ్రైండ్ చేస్తూ పోతే బుగ్గలు, అంటే తల పక్కభాగాలు, పల్చనై తల బరువు తగ్గి చివరికి ముద్ర కూడా చెరిగిపోతుంది.

ఆకురాయి పట్టడం

బెంచ్ గ్రైండర్, యాంగిల్ గ్రైండర్ ఉన్నవాళ్ళకి చెయ్యి దురద పెడుతుంది, తెలుసు. వెనక మొద్దు భాగానికి వాడుకోండి, వాదరకి మాత్రం ఆకురాయే. పల్చని అంచు సెకన్లలో వేడెక్కుతుంది, నీలం రంగు కనపడేసరికే ఆలస్యం అయిపోయుంటుంది.

తలని వైస్‌లో గట్టిగా బిగించి, పది అంగుళాల చదునైన ఆకురాయికి పిడి పెట్టి, మందపాటి తోలు గ్లోవ్స్ వేసుకుని మొదలుపెట్టండి. ఆకురాయి తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు ఎత్తెయ్యాలి, ముందుకీ వెనక్కీ రుద్దుతూ ఉంటే పళ్ళు అరిగిపోతాయి. మధ్యమధ్యలో పళ్ళ సందుల్లో ఇరుక్కున్న ఇనప పొడి బ్రష్‌తో దులపండి, లేకపోతే అదే గీతలు పెడుతుంది.

ముందు ఆకారం సరిచెయ్యాలి. అంచులో పెచ్చు ఊడిన చోట్లు, మొండిబారిన పైమూల వీటిని చూసి, మంచి గొడ్డలి వంపుని అట్టముక్కమీద గీసుకుని దాన్ని పెట్టి చూసుకుంటూ ఎంత అవసరమో అంతే తియ్యండి. చిన్న పెచ్చొకటి మిగిలితే మిగలనివ్వండి, వచ్చే ఏడు నూరుడులో అదే పోతుంది, దానికోసం ఇప్పుడు పావంగుళం ఉక్కు తీసెయ్యడం దండగ.

తర్వాత పదును. ఒక్క అంచునే కోణంగా రుద్దితే సరిపోదు, అంచు నుంచి రెండు మూడంగుళాలు వెనక్కి బుగ్గని కూడా విసనకర్రలా పల్చబరచాలి, అప్పుడే కట్టెలో దిగుతుంది. రెండువైపులూ కలిపి సుమారు 25 డిగ్రీలు చెట్టు నరికేదానికి, కట్టెలు చీల్చేదానికి ఇంకాస్త మొద్దుగా. కత్తిలా చదును కోణం కాకుండా కొంచెం పొట్టలా ఉబ్బుగా ఉండాలి, లేకపోతే కట్టెలో ఇరుక్కుపోతుంది. ఎక్కడ రుద్దుతున్నామో తెలీకపోతే నల్ల మార్కరుతో అంచంతా పూసేసి నాలుగు తోపులు తోసి చూడండి, ఎక్కడ నలుపు పోయిందో అక్కడే ఆకురాయి తగులుతున్నట్టు. ఒకవైపు ఎన్ని తోపులైతే రెండోవైపూ అన్నే. చివరి సాన ఇప్పుడే పెట్టకండి, కామ వేసేటప్పుడు ఆ పదునుతో చేతులు తెగుతాయి.

కామ ఎంచుకోవడం

ఈ దేశంలో గొడ్డలి కామ అంటే హికరీ అనే చెట్టు కర్ర. దెబ్బని ఓర్చుకుంటుంది, వంగి తిరిగి లేస్తుంది. హార్డ్‌వేర్ షాపులో కట్టగా నిలబెట్టి ఉంటాయి, ఉన్నవన్నీ తీసి చూడండి, ఎవరేమనుకుంటే మనకేంటి.

కింద మొన దగ్గర చూస్తే చెట్టు వలయాల గీతలు కనిపిస్తాయి. అవి వాదర ఏ దిశలో ఉంటుందో అదే దిశలో ఉంటే మంచిది, కొంచెం ఏటవాలుగా ఉన్నా పర్లేదు. దీన్ని జనం చాలా పెద్దది చేసి మాట్లాడతారు గానీ నా దృష్టిలో అంతకన్నా ముఖ్యం పక్కల పారే పీచు. కామ పొడవునా పీచు ఈ చివరనుంచి ఆ చివరకి తిన్నగా పోవాలి. మధ్యలోనే పక్కకి పారి బయటకి తేలితే, అదీ తల దగ్గరో సన్నటి నడుము దగ్గరో తేలితే, విరిగేది సరిగ్గా అక్కడే. వలయాలు ఎంత చక్కగా ఉన్నా అలాంటిది వద్దు.

తెల్లగా ఉన్నదే గట్టిది, ఎర్ర చేవ వద్దు అనే మాట కూడా వింటారు. విస్కాన్సిన్ మాడిసన్‌లోని ఫారెస్ట్ ప్రోడక్ట్స్ ల్యాబ్ వాళ్ళు దీన్ని ఎప్పుడో పరీక్షించి హికరీలో రంగుకీ బలానికీ సంబంధం లేదని తేల్చారు. బరువుగా ఉన్నది చూసుకోండి, రంగు వదిలెయ్యండి, సగం తెలుపు సగం ఎరుపు ఉన్నవి చూడ్డానికి బావుంటాయి కూడా.

తెచ్చాక వెంటనే వెయ్యొద్దు. ఇంట్లో హీటరుకి దూరంగా కొన్ని వారాలు పడెయ్యండి, కర్రలో తడి ఉంటే బిగించాక ఎండి సన్నబడి తల వదులవుతుంది. ఈలోగా పైనున్న వార్నిష్ మొత్తం స్క్రేపర్‌తోనో శాండ్‌పేపర్‌తోనో గీకెయ్యండి, వార్నిష్ ఉంటే నూనె తాగదు, చేతికి బొబ్బలొస్తాయి. షాపు కామలు చాలావరకు అవసరానికి మించి లావుగా ఉంటాయి, నడుము భాగాన్ని రాస్ప్‌తో కొంచెం సన్నబరిస్తే కామ కాస్త వంగి దెబ్బ అదురు మణికట్టుకి రాకుండా తనే తీసుకుంటుంది.

తలని కూర్చోబెట్టడం

అసలు పని ఇదే, ఒక ఆదివారం మొత్తం దీనికి కేటాయించండి.

కామ పైభాగంలో చీల కోసం రంపపు కోత ఉంటుంది. బెజ్జం ఎంత లోతో అందులో మూడింట రెండొంతులు ఆ కోత ఉండాలి, తక్కువుంటే రంపంతో దింపండి. పాత కర్రముక్క పక్కన పెట్టుకుని బెజ్జం ఆకారాన్ని పెన్సిల్‌తో కామ తలమీద గీసి, రాస్ప్‌తో ఆ గీత దాకా తగ్గించండి. గీత దాటొద్దు.

ఇప్పుడు తలని చేత్తో ఎంతవరకు దూరితే అంతవరకు దూర్చి, కామని తలకిందులుగా, అంటే ఇనుము నేలవైపు వేలాడేలా ఒక చేత్తో గాల్లో పట్టుకుని, రెండో చేత్తో కామ మొనమీద కొయ్య సుత్తితో కొట్టండి. మొదటిసారి చూసేవాళ్ళకి వింతగా ఉంటుంది, కిందనుంచి ఎవరూ నెట్టకుండానే తల దానంతటదే కామమీదకి ఎక్కుతుంది. బరువైన ఇనుము ఉన్నచోటే ఉండిపోతుంది, కర్ర దాన్లోకి దిగుతుంది, అంతే. నేలకేసి గుద్దడంకన్నా ఇదే మంచి పద్ధతి. కామ మొన లేడి గిట్టలా మొనదేలి ఉంటే పెచ్చు ఊడుతుంది, అందుకే ఇనప సుత్తి వద్దు.

నాలుగైదు దెబ్బలకి ఆగిపోతుంది. అప్పుడు తలని వెనక్కి కొట్టి తీసెయ్యండి. కర్రమీద చూస్తే నల్లటి మెరుపు మరకలు కనిపిస్తాయి, ఇనుము ఎక్కడ ఒత్తుకుందో అక్కడ. ఆ మరకల వరకే రాస్ప్‌తో రెండు మూడు తోపులు, మళ్ళీ తొడగడం, మళ్ళీ కొట్టడం, మళ్ళీ తియ్యడం. ప్రతిసారీ తల ఒక గోరంత కిందకి దిగుతుంది. మొదట మరకలు రెండుచోట్లే ఉంటాయి, పోనుపోను చుట్టూతా పరుచుకుంటాయి, చుట్టూ సమంగా మరక పడిందంటే కర్ర అన్నివైపులా ఇనుముని తాకుతున్నట్టు. విసుగొచ్చి ఒకేసారి ఎక్కువ తీసేస్తే సందు పడుతుంది, ఆ సందుని ఏ చీలా సరిగ్గా పూడ్చలేదు.

మధ్యలో రెండు మూడుసార్లు వరస చూడాలి. కామని కంటికి ఆనించి తుపాకీ గురిచూసినట్టు పొడుగునా చూస్తే వాదర గీత కామ నడిమధ్యకి రావాలి. పక్కకి తిరిగుంటే ఏవైపు ఒత్తుకుంటోందో అటువైపు కర్ర తగ్గించాలి. ఇంకో పరీక్ష, గొడ్డల్ని వాదర, కామ మొన రెండూ తగిలేలా చదునైన బల్లమీద ఆనించండి, వాదర తన మధ్యభాగంలోనో కొంచెం కిందమూలవైపో తగలాలి. పైమూల ఆనుతోందంటే తల వంపు తేడాగా ఉంది.

తల పూర్తిగా దిగాక పైన కర్ర పావంగుళం బయటికి పొడుచుకొచ్చి ఉండాలి. దాన్ని ఇనుముకి సమంగా కోసేవాళ్ళున్నారు, చూడ్డానికి నీటుగా ఉంటుంది. కానీ చీల దిగాక ఆ పావంగుళం పక్కలకి విచ్చుకుని తల పైకి రాకుండా కాపలా కాస్తుంది, నేనైతే కొయ్యను.

చీల

పోప్లర్ అనే మెత్తటి కర్రతో చేసిన చీల వాడండి, అది నలిగి సందుల్లోకి సర్దుకుంటుంది. కోత వెడల్పుకి సరిపడా చీల చెక్కుకుని, చివర పల్చగా చేసి, తిన్నగా నిలబెట్టి కొయ్య సుత్తితో మెల్లగా దింపండి. మొదట్లో దబ్ దబ్ మని బోలు చప్పుడు వస్తుంది, బిగిసేకొద్దీ చప్పుడు సన్నబడి చివరికి ఠంగుమని ఇనుముమీద కొట్టినట్టు వినిపిస్తుంది, చీల ఇంక కదలదు. అక్కడ ఆపెయ్యండి. ఇంకా కొడితే చీల చిట్లుతుంది. పైకి మిగిలిన చీలని కర్రకి సమంగా కోసెయ్యడమే.

జిగురు వెయ్యను. కామ సరిగ్గా కూర్చుంటే జిగురుతో పన్లేదు, కూర్చోకపోతే జిగురు కాపాడదు, పైగా రేపు దాన్ని తీసేవాడి ప్రాణం తీస్తుంది. అడ్డంగా కొట్టే ఇనప చీల కూడా ముందే వద్దు, తర్వాతెప్పుడైనా వదులైతే అప్పుడు చూద్దాం, ఒక ఆయుధం దాచుకున్నట్టు.

వదులైన గొడ్డల్ని రాత్రంతా నీళ్ళబకెట్లో పెట్టడం ఇక్కడా ఉంది, మన ఊళ్ళల్లోనూ ఉంది. ఆ పూటకి బిగుస్తుంది నిజమే. కానీ ఉబ్బిన కర్ర ఇనుముకి ఒత్తుకుని పీచు నలిగిపోతుంది, ఎండాక ముందుకన్నా ఎక్కువ వదులవుతుంది.

నూనె

అవిసె నూనె. షాపుల్లో బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని అమ్మేదాంట్లో తొందరగా ఆరడానికి మందులు కలుపుతారు, ఒకట్రెండు రోజుల్లో ఆరుతుంది. పచ్చి అవిసె నూనె ఆరడానికి చాలా రోజులు పడుతుంది గానీ లోపలికి బాగా దిగుతుందని కొందరు అదే వాడతారు. ఏదైనా పల్చగా పూసి, పావుగంట ఆగి, తాగనిది తుడిచెయ్యాలి, తుడవకపోతే జిగటగా మిగులుతుంది. పైన కోసిన చీల తల ఎక్కువ తాగుతుంది, అక్కడ ఇంక తాగననే దాకా పొయ్యండి. పాతవాళ్ళ లెక్క ఒకటుంది, వారంపాటు రోజుకోసారి, నెలపాటు వారానికోసారి, ఏడాదిపాటు నెలకోసారి. అంత శ్రద్ధ లేకపోయినా మూడు నాలుగు పూతలు మాత్రం వెయ్యండి.

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేస్తే ఎవరూ అగ్గిపుల్ల గియ్యకుండానే అంటుకుంటాయి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేదు. గుడ్డల్ని బయట విడివిడిగా పరిచి ఆరేసి పారెయ్యండి, లేదా నీళ్ళు పోసిన ఇనప డబ్బాలో ముంచి మూతపెట్టండి. ఇక్కడి ఇళ్ళన్నీ చెక్కవే కదా.

ఇండియాలో ఉన్నవాళ్ళకి

ఊళ్ళో తాతలనాటి గొడ్డలి అటకమీద ఉంటే పద్ధతంతా ఇదే, కర్ర మాత్రం మారుతుంది. హికరీ కోసం వెతకొద్దు, నల్లతుమ్మ బ్రహ్మాండంగా పనికొస్తుంది, చిరుమాను దొరికితే ఇంకా మేలు, దానికి ఇంగ్లీషులో ఇరుసు కర్ర అనే పేరే ఉంది. పచ్చి కొమ్మ కొట్టి అప్పటికప్పుడు తొడిగితే నెలకే వదులవుతుంది, నీడన కొన్ని నెలలు ఆరాకే చెక్కాలి. మన గొడ్డళ్ళు ఎక్కువగా ఊరి కమ్మరి చేతిలో తయారైనవి, లారీ కమాను పట్టీలు కాల్చి సాగగొట్టినవి కూడా ఉంటాయి, ఒక్కో బెజ్జం ఒక్కోలా ఉంటుంది, కొన్నిటికి గుండ్రంగా ఉంటుంది. ముందు వేలు పెట్టి ఏ వైపు ఇరుకో చూసుకోండి, దాన్నిబట్టే కామ ఎటునుంచి దూర్చాలో తెలుస్తుంది. అంచు మరీ అరిగిపోతే మనకి ఒక సుఖముంది, కొలిమి ఇంకా నడిపే కమ్మరి దగ్గరికి తీసుకెళ్తే మళ్ళీ కాల్చి సాగదీసి పదును పోసి ఇస్తాడు. అమెరికాలో ఆ పని చేసేవాడిని పట్టుకోవడం కష్టం. ఇక్కణ్ణుంచి అక్కడికి తల పట్టుకెళ్ళాలంటే వాదరకి అట్టో తోలో చుట్టి చెకిన్ బ్యాగులో వెయ్యండి, చేతిబ్యాగులో వెళ్ళనివ్వరు.

చివరి సాన, మొదటి వాడకం

కామ వేసి నూనె ఆరాక చేతిలో పట్టేంత గుండ్రటి సానరాయి, ఒకవైపు గరుకు ఒకవైపు నున్నగా ఉండేది, తీసుకుని చిన్న చిన్న సున్నాలు చుడుతూ అంచంతా తిప్పండి. ఒకవైపు రుద్దితే రెండోవైపు సన్నటి బొరుసు, అంటే అటు మడతపడ్డ ఉక్కు పొర, వేలికి తగులుతుంది, అది ఈ కొసనుంచి ఆ కొసకి తగిలేదాకా రుద్ది, తర్వాత తిప్పి రెండోవైపు. ఆఖర్న పాత తోలు బెల్టుమీద నాలుగుసార్లు వెనక్కి లాగితే బొరుసు రాలిపోతుంది. కాగితం కోసేంత చాలు.

మొదటిరోజు మెత్తటి దుంగమీద పది ఇరవై దెబ్బలేసి ఆపి చూడండి. తల కింద కర్రమీద పెన్సిల్‌తో ఒక గీత గీసి ఉంచితే తల జరిగిందో లేదో ఇట్టే తెలుస్తుంది. జరిగితే ఇందాక దాచుకున్న ఇనప చీల అడ్డంగా కొట్టి మళ్ళీ చూడాలి, కదులుతున్న తలతో ఒక్క దెబ్బ కూడా వెయ్యొద్దు. ఎదురుగాగానీ వెనకగానీ మనుషులు నిలబడకూడదు, స్లిప్పర్లతో అసలొద్దు.

దాచేటప్పుడు వాదరకి తోలు తొడుగు వేసి, ఇనుముకి నూనె చెయ్యి రాసి, హీటరు గాలి తగలని చోట పెట్టండి. చలికాలం హీటర్లు నడిచే ఇళ్ళల్లో గాలి బాగా పొడిగా ఉంటుంది, కామ ఎండి వదులయ్యేది ఎక్కువ అప్పుడే, మన దగ్గర మే నెలలో అయినట్టు. ఎండలో కారు డిక్కీలో వదిలేసినా అంతే. తోలు తొడుగు కూడా ఏడాదంతా వేసి ఉంచొద్దు, తోలు తేమ పట్టి అంచు దగ్గర మళ్ళీ తుప్పు మొదలవుతుంది, అప్పుడప్పుడు తీసి తుడిచి చూస్తుండండి.